కొరుకుడుగాళ్ళు

ల్యాబులో అందరికీ ఆమె పిన్ని. ఇంకా పెళ్ళి కూడా కాని పరిశోధకురాలికి ఆ పిలుపు తెచ్చిపెట్టింది ఆమె నోరే. గాజు పళ్ళెంలో పెంచుతున్న ఊపిరితిత్తుల కణాలకు డి విటమిన్ చుక్కలు వేస్తూ, "మారాం చెయ్యకండి నాన్నా" అని బతిమాలుతుంది. ఆ కణాలు వదిలే, చుట్టూ ఉన్న కణజాలాన్ని కొరుక్కుతినే ఎంజైములను మాత్రం కొరుకుడుగాళ్ళని తిట్టిపోస్తుంది. విటమిన్ వాళ్ళ నోరు కట్టేస్తుందని తేలితేనే ఆమె పీహెచ్‌డీ ఒడ్డున పడుతుంది. విటమిన్ వేసిన కణాల ద్రవాన్నీ వెయ్యనివాటి ద్రవాన్నీ జిలటిన్ పలకలో పక్కపక్క వరుసల్లో పోసి, తర్వాత నీలిరంగు పట్టిస్తే, కొరికిన చోటు తెల్లగా కనబడుతుంది.

ఆ రోజు పలకంతా నీలమే. ఆమె గైడు మేడమ్ గంతేసినంత పని చేసింది. "సాధించావే పిన్నీ! ఒక్క గాటు లేదు!"

పిన్ని ముక్కు పలకకు ఆనేంత వంగి చూసి, చేతి తొడుగు లాక్కుంటూ నసిగింది. "విటమిన్ వెయ్యని వరుసలో కూడా లేదండీ."

"అదేంటే?"

"వేరే పరీక్షల అలవాటులో ఈ ద్రవాలనీ మరిగించేశాను. నోరు కట్టెయ్యలేదు మేడమ్, ఉడికించి చంపేశాను."

మేడమ్ కుర్చీలో కూలబడింది. పిన్ని మొదటినుంచీ మళ్ళీ చేసింది, మరిగించకుండా. ఈసారి విటమిన్ లేని వరుసలో తెల్లటి పెద్ద మచ్చ, ఉన్న వరుసలో సన్నటి గీత.

"కొరికారుగా?" అంది మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"కొరికారండీ," అంది పిన్ని, "కానీ మొహమాటపడుతూ."