రాణి తినని కరివేపాకు

ఆ రోజుల్లో కంచరపాలెంలో ఏ తప్పు జరిగినా దాన్ని నెత్తికెత్తుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవారు. నా తప్పును ఒక మేక మోసింది. మా బావ పెంచిన కరివేపాకు చెట్టును అది తినలేదు. తిన్నది మేమే, వంజరం చేపల పులుసులో. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు జుట్టు నెరిసేదాకా పట్టింది.

ఎనభైల నాటి సంగతి. బావకు రైలు పట్టాల పక్కన మోటారు వైండింగ్ షాపు ఉండేది. పని నేర్చుకుంటూ నేను అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఒకసారి ఎవరో ఆఫీసరు బంగళాకు ఫ్యాను బాగుచేయడానికి వెళ్ళి అక్కడి బోన్సాయ్ చెట్లను చూసొచ్చిన బావ, ఆ సాయంత్రమే పెరట్లో ఉన్న కరివేపాకు మొక్కను తవ్వి, అడ్డంగా కోసిన నూనె డబ్బాలో నాటేశాడు. కాలిపోయిన మోటార్లలోని రాగి తీగను కొమ్మలకు చుట్టి, కత్తిరించి, వంచి, కొన్నేళ్ళలో దాన్ని మూరెడెత్తు ముసలి చెట్టును చేశాడు. (నన్నూ అలాగే వంచుదామనుకున్నాడు గాని తీగ చాల్లేదు.) చెట్టు చిన్నదైనా ఆకులు మాత్రం పెద్దవిగానే వచ్చేవి, అదొక్కటే ఆయన దిగులు. "ఇంట్లో కరేపాకు పెట్టుకుని బజార్లో కొంటన్నది ఈ వీధిలో నానొక్కద్దాన్నే," అని అక్క దెప్పేది. "కూరలో ఏసుకునీది కాదే అది!" అని బావ గుడ్లురిమేవాడు.

డిసెంబరులో పూల ప్రదర్శనకు దాన్ని తీసుకెళ్ళాలని ఆయన ఆశ. దానికింకా నెలన్నర ఉందనగా ఒక ఆదివారం అక్కా బావా పెళ్ళికి వెళ్ళారు. నేను ఫిషింగ్ హార్బరుకెళ్ళి వంజరం తెచ్చి, అక్కను ఆశ్చర్యపరుద్దామని పులుసు పెట్టాను. తీరా చూస్తే ఇంట్లో కరివేపాకు లేదు. ఒక్క రెమ్మే కదా అని దూశాను. వాసన బాగుంది. ఇంకొకటి దూశాను. పులుసు దించేసరికి చెట్టుకు పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఎవుడ్రా! ఎవుడు సేసినాడిది?" వస్తూనే బావ కేక పెట్టాడు. నేను అబద్ధమాడలేదు. పిట్టగోడ అవతల ఏదో నములుతున్న రాణి వైపు చూశానంతే. రాణి పక్కింటి పిన్ని మేక. "నా రాణి పరాయోళ్ళ ఆకు ముట్టదు బాబూ," అని పిన్ని ఏడ్చింది. "ఈ క్రిస్మస్‌కి దాన్ని మటన్ కొట్టుకి అమ్మీకపోతే మీకూ మాకూ మాటల్లేవు!" అన్నాడు బావ. అక్కతో మాటలు పోతాయన్న భయంతో పాపం ఆమె కళ్ళు తుడుచుకుంటూ సరేనంది. ఆ రాత్రి బావ అంత బాధలోనూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని, "కరేపాకు వాసన అదిరిపోనాదిరా!" అన్నాడు. నేను గిన్నెను ఆయన వైపు జరిపాను.

క్రిస్మస్ దగ్గరపడుతోంది. రాణిని చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి, బావను చూడగానే మానేసేవాణ్ణి. ఈలోగా మోడు కొమ్మల నిండా చిగుళ్ళొచ్చాయి. కొత్త ఆకులు పాతవాటిలో సగం సైజు కూడా లేవు! బావ ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే, మేక మేయబట్టే అలా వచ్చాయని నమ్మేశాడు. ప్రదర్శనలో రెండో బహుమతి వచ్చింది. ఆయన పూలదండ కొనుక్కుని నేరుగా పిన్నింటికెళ్ళి రాణి మెడలో వేశాడు. "ఇది మేక కాదు పిన్నీ, మేస్త్రి! దీన్ని అమ్మినావంటే నాను ఊరుకోను." ఆ దండను రాణి తీరిగ్గా నమిలేస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

మరుసటి ఏడు మర్యాదగా మేస్త్రిని పిలిపించారు. అది చెట్టును వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుంది. "సిగ్గుపడతంది," అన్నాడు బావ. తెల్లారేసరికి నేనే ఆకంతా దూసేశాను. పేరు మళ్ళీ రాణికే వచ్చింది. (బావ ఇది చదివితే చదవనీ.)

పోయిన నెల వంజరం పులుసు వండి, క్యారేజీలో పెట్టుకుని పిన్నింటికి వెళ్ళాను. ఆమె తింటుంటే తల వంచుకుని మొత్తం చెప్పాను. ఆమె తినడం ఆపలేదు.

"రెండో ఏడు ఆ పుల్లలు సూసినప్పుడే తెలిసిపోనాదిరా. మేకైతే పుల్లతో సహా తినీది కాదేటి? రాణి ఎలాగూ బతికిపోనాది కదాని ఊరుకున్నాను." ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. "అయితే ఈ పులుసు కోసమేట్రా నన్నంత ఏడిపించినావు? ఉప్పు కూడా సరిపోలేదు."

అలవాటు ఎక్కడికి పోతుంది, పిట్టగోడ వైపు చూశాను. అక్కడ ఏ మేకా లేదు.

"తప్పయిపోయింది పిన్నీ," అన్నాను.