స్ప్రింగుల డబ్బా కింద స్పాంజి

రిటైరవడానికి ముందు ఏడాది అక్టోబరులో, లైప్‌జిగ్‌లోని మా సంగీతశాలలో సముద్రపు అలల హోరును గిటారు మీద పలికించే ఒక సర్ఫ్ రాక్ బృందానికి నన్ను సౌండ్ ఇంజనీరుగా వేశారు. గాయకుడు లేని ముగ్గురి బృందం అది. గిటారు వరంగల్ ప్రదీప్‌ది. బాసూ డ్రమ్సూ అతని జర్మన్ మిత్రులవి. చాలా ఏళ్లుగా చిన్న చిన్న బార్లలో వాయిస్తున్నారు. ఆ సాయంత్రం నచ్చితే వసంతకాలంలో టూరు ఇస్తానని మా మేనేజరు సబీనా చెప్పింది. నచ్చకపోతే బృందాన్ని మూసేస్తామని ప్రదీప్ నాతో అన్నాడు.

నేను వెంటనే లైబ్రరీకి వెళ్లాను. సౌండ్ పనిలో నాకు డిగ్రీ లేదు, లైబ్రరీ కార్డు ఉంది. ఈ సంగీతానికి ప్రాణం ఒక రేకు డబ్బా అని తెలుసుకున్నాను. గిటారు ధ్వని అందులోని స్ప్రింగుల గుండా వెళ్లి, నీళ్లలో మునిగి లేచినట్టు తడితడిగా బయటికి వస్తుంది. డబ్బా కదిలితే స్ప్రింగులు కొట్టుకుంటాయి కాబట్టి కుదుపు తగలనీయవద్దని పుస్తకం హెచ్చరించింది. బందరువాణ్ణి, అలల సంగతి నాకొకరు చెప్పాలా అనుకుంటూనే ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను.

రిహార్సల్లో చివరి ట్యూను ముగుస్తుండగా ప్రదీప్ కాలు ఆంప్లిఫయరుకి తగిలింది. దాని మీదున్న డబ్బా పిడుగు పడ్డట్టు మోగింది. పాపం, కాలు జారిందనుకున్నాను. వాళ్లు తినడానికి వెళ్లగానే డబ్బా కింద మందపాటి స్పాంజి పెట్టి, బెల్టుతో బిగించాను. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి సేవ చెప్పకుండా చేస్తేనే గొప్పగా ఉంటుందనిపించింది.

కచేరీ బాగానే సాగింది. చివరి ట్యూనులో ప్రదీప్ ఆంప్లిఫయరుని తన్నాడు. చప్పుడు లేదు. మళ్లీ తన్నాడు. ముందు వరుసలో సబీనా చేతులు కట్టుకుంది. ప్రదీప్ గిటారు ఆపి, స్టేజి పక్కనున్న నాకేసి తిరిగి అరిచాడు.

“అంకుల్! డబ్బాకి ఏం చేసిన్రు?”

“స్పాంజి పెట్టానయ్యా, కుదుపు తగలకుండా!”

“కుదుపే గద అంకుల్ మా క్లైమాక్స్! తీయుండ్రి జల్ది!”

డ్రమ్స్ ఆగలేదు. నేను మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, బెల్టు విప్పి, స్పాంజి లాగాను. డబ్బా దబ్బున పడింది. అంత పిడుగు వాళ్లు మునుపెన్నడూ పుట్టించలేదట. జనం లేచి అరిచారు. స్పాంజిని పసిబిడ్డలా ఎత్తుకుని కూర్చున్న నన్ను చూసి ఇంకా గట్టిగా అరిచారు. ఇదంతా ప్రోగ్రాములో భాగమనుకున్నారు.

సబీనా కూడా అలాగే అనుకుంది. టూరు ఇచ్చింది; స్పాంజి పెద్దాయన తప్పనిసరిగా ఉండాలంది. నా సర్వీసులో చివరి వసంతమంతా ఊరూరా మోకాళ్ల మీద పాకాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పేది ఒకటే: వినబడిన చప్పుడు లోపమో కాదో ముందు వాయించినవాణ్ణి అడగాలి. డబ్బాని కావాలనే తన్నే వాద్యకారుల గురించి ఆ పుస్తకంలో తర్వాతి అధ్యాయంలోనే ఉందని ప్రదీప్ చెప్పాడు. నేను దాన్ని గడువుకి ముందే తిరిగిచ్చేశాను.