పది పేర్లు, ఒక కాఫీ డబ్బా

ఆ రోజుల్లో నేను నోరు తెరిస్తే జనం చెవులప్పగించి వింటారని గట్టిగా నమ్మేవాణ్ని. సెల్‌ఫోన్లు ఊళ్లలోకి కొత్తగా వస్తున్న కాలం. గద్వాలలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. పురుగుమందులు లేకుండా పత్తి పండించమని రైతులను ఒప్పించడం నా పని. ధరూర్ వైపు ఒక ఊళ్లో పదిమందిని ఒప్పించి పేర్లు రాసుకొస్తేనే ఉద్యోగం ఉంటుందని పెద్ద సారు తేల్చి చెప్పి, హైదరాబాదు నుంచి తెచ్చిన డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. సేంద్రియంగా పండించి, కెఫీన్ తీసేసిన ఇన్‌స్టంట్ కాఫీ. "మందు కొట్టని పంట రుచి ముందు చూపించు" అన్నారు.

మీటింగు ఒక పెద్దమ్మ ఇంటి అరుగు మీద. ఎండాకాలం, పదిమంది రైతులూ జొన్నరొట్టెలు తిని వచ్చిన మధ్యాహ్నం. పెద్దమ్మే పాలు కాచి, కాఫీ కలిపి అందరికీ ఇచ్చింది (తనకు మిగల్లేదు, నేను గమనించనూ లేదు). ఒక రైతు గుక్క తాగి, "ఏంది సారూ, గిట్ల చప్పగున్నది?" అన్నాడు. నిద్ర పట్టనివ్వని గుణం తీసేశారని గొప్పగా వివరించాను. "గదే తీసినంక ఇంక తాగుడెందుకు?" అన్నాడు. నేను ప్రసంగం మొదలుపెట్టాను. మందుకు బదులు పైరు మీద కొట్టే వేపాకు కషాయాల గురించి అరగంట చెప్పి, "చేద్దామా?" అని అడిగితే పది తలలూ ఊగాయి. సంబరంగా పేర్లు రాసుకున్నాను. గురక వినపడ్డాక గానీ సంగతి అర్థం కాలేదు (కాఫీనేం అనను, నా ప్రసంగం ఒక్కటే చాలు). అయినా ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఉద్యోగం కావాలి మరి.

గడపలో నిలబడ్డ పెద్దమ్మ అప్పుడు మాట్లాడింది. "నేను పండుకోలే బిడ్డా. నువ్వు చెప్పిందంత విన్న. నా పేరెందుకు రాయకపోతివి?"

"భూమి నీ పేరు మీదున్నదా, పెద్దమ్మా?"

"పేరు మా ఇంటాయనది. మందు నీళ్లు మోసి, కక్కుకుంట దవాఖానల పడ్డది నేను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాగితం తీసి, పది పేర్లూ కొట్టేసి, ఆమె పేరొక్కటే రాశాను. పెద్ద సారు ఆ ఒక్క పేరూ చూశారు. నెలాఖరుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపించారు.

మరుసటి ఏడు గద్వాల బస్టాండులో పెద్దమ్మే నన్ను గుర్తుపట్టింది. అరెకరంలో మందు లేకుండా వేసిందట, పత్తి తక్కువే వచ్చిందట. "గానీ ఈ ఏడు దవాఖానకు పోలే" అంది. తర్వాత నా మొహం చూసి, "నీ నౌకరి మంచిగున్నదా బిడ్డా?" అని అడిగింది.

"మంచిగున్నది, పెద్దమ్మా" అన్నాను. ఇన్నేళ్లలో ఆడిన అబద్ధాల్లో నేను సిగ్గుపడనిది అదొక్కటే.