మంగళవారమే ముగిసిన పరుగుపందెం

నేను లెక్కల మాస్టారిని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పిల్లలకు లెక్కలు ఎంతవరకు వచ్చాయో చెప్పలేను గానీ, స్టాఫ్ రూములో మాత్రం అందరూ నన్ను 'ఎడిటర్ గారూ' అనే పిలుస్తారు. ఈ బిరుదు వెనక ఉన్న ఘనకార్యం ఒక్కటే. ఇరవై నాలుగో ఏట, మా వీధిలో దీపం వెలగడం లేదని ఒక దినపత్రికకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వాళ్లు దాన్ని కోసి కోసి రెండు వాక్యాలు చేసి వేశారు. ఆ ముక్క కత్తిరించి, లామినేషన్ చేయించి, పెళ్లయిన కొత్తలో నా భార్యకు చూపించాను. ఆవిడ అడిగింది ఒకే మాట. "మరి దీపం వెలిగిందా అండీ?" వెలగలేదు.

ఆ అర్హత మీదే మా బడి వార్షిక సంచిక నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే నేనే నెత్తి చాపాను. సంచికలో పేర్లన్నీ పిల్లలవి, రాతంతా నాది. పిల్లల్ని రాయమంటే రాయరు. రాసినా, అది దిద్దేకంటే కొత్తది రాయడమే తేలిక. ఒకసారి ఆరో తరగతి పిల్లవాడి పేరుతో 'నాకు నచ్చిన కాలం' రాస్తూ, చలికాలంలో మోకాళ్ల నొప్పులు తిరగబెడతాయని రాసేశాను. ఒక్కరు కూడా పట్టుకోలేదు. సంచికను ఎంతమంది చదివేవారో దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. సంచిక ఏటా ఆటల పోటీల రోజునే విడుదలయ్యేది. ముఖ్య అతిథి దాన్ని వేదిక మీద పట్టుకుని ఫొటో దిగాలి. అందులో ఆ రోజు పోటీల వార్త కూడా ఉంటే ఆయన సంతోషిస్తారు. అచ్చు వేసేది మా బావమరిది ప్రెస్సులో. అతనికి మూడు రోజులు కావాలి. కాబట్టి శుక్రవారం జరిగే పోటీల వార్త నేను మంగళవారమే రాసేవాణ్ణి. 'పోటీలు ఆద్యంతం ఉత్సాహంగా సాగాయి. పిల్లల క్రమశిక్షణకు ముఖ్య అతిథి ముగ్ధులయ్యారు.' ఈ రెండు వాక్యాలూ పంతొమ్మిదేళ్లు రాశాను. ఒక ఏడాది ముఖ్య అతిథి రానేలేదు. అయినా ముగ్ధులయ్యారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ సంగతి" అనేది మా ఆవిడ. నాకది ముందుచూపుకు మెప్పులాగే వినిపించేది.

ఈ ఏడాది పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి హైస్కూల్లోనూ పిల్లలే ఒక పత్రిక నడపాలి. వాళ్లే తిరిగి వార్తలు తేవాలి, వాళ్లే రాయాలి, టీచర్లు పక్కన నిలబడి సాయం మాత్రం చెయ్యాలి. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిపించారు.

"మాస్టారూ, ఇది మీకు కొట్టిన పిండి కదా" అన్నారు.

నేను వినయంగా తల వంచుకున్నాను. నవ్వు కనబడకుండా ఉండాలంటే అదొక్కటే మార్గం.

లెక్కల క్లాసు తప్పుతుందన్న ఆశతో మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. పత్రిక నడిపేదీ నేనేనని తెలిశాక ఐదుగురు మిగిలారు. వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. ఏం చెప్పినా "ఎందుకు సార్?" అంటుందని స్టాఫ్ రూములో ఆమెకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టాం. ఆ పేరు పిల్లల దాకా పాకింది. ఆ పిల్లకూ కోపం రాలేదు.

మొదటి సంచికకు ఎందుకమ్మ మా లైబ్రరీ గురించి రాసింది. మూడు వారాలు రోజూ మధ్యాహ్నం ఆ గది మెట్ల మీద కూర్చుని, తలుపు ఎన్నిసార్లు తెరిచారో నోట్‌బుక్‌లో రాసుకుంది. రెండుసార్లు. అందులో ఒకసారి కుర్చీలు బయటికి తెచ్చుకోవడానికి. ఆ వార్త నేను చదివి ఉంటే ఆపేసేవాణ్ణి. అదృష్టం కొద్దీ నా సంపాదకీయానికి నగిషీలు చెక్కుకుంటూ అది చదవలేదు. పత్రిక వచ్చిన వారానికి లైబ్రరీ తాళం ఊడింది. ఆ రోజు నుంచి పిల్లలు తమకు తెలిసినవన్నీ తెచ్చి ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు. "ఎందుకమ్మక్క రాసిందంటే అది నిజమేరా" అనేవారు. స్టాఫ్ రూములో నేను, "పిల్లల్ని తీర్చిదిద్దాలండీ" అంటూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

రెండో సంచిక ఆటల పోటీల నాటికి రావాలి. మంగళవారం మధ్యాహ్నం ఎందుకమ్మను పిలిచి కాగితం చేతికిచ్చాను.

"పోటీల వార్తమ్మా. కింద నీ పేరు పెట్టాను."

ఆమె నిలబడే చదివింది. "సార్, పోటీలు శుక్రవారం కదా?"

"అవును."

"ఇవాళ మంగళవారం."

"ప్రెస్సుకి టైమ్ కావాలి కదమ్మా."

"ఇందులో ఒక్కరి పేరు కూడా లేదు సార్. ఎవరు పరిగెత్తారో, ఎవరు గెలిచారో లేకపోతే ఎవరు చదువుతారు? ఆ చోటు ఖాళీగా ఉంచండి. నేను చూసి రాసిస్తాను. పేపరు సోమవారం పంచుదాం."

"ముఖ్య అతిథిని సోమవారం దాకా కూర్చోమంటావా?"

ఆమె నవ్వలేదు. "అయితే నా పేరు తీసెయ్యండి సార్."

"చూద్దాంలే" అన్నాను. మా వృత్తిలో ఆ మాటకు అర్థం ఏమిటో పిల్లలకు తెలియదనుకుంటాం. వాళ్లకు ఒకటో తరగతి నుంచీ తెలుసు.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మూడో పేజీలో పోటీల వార్త దగ్గర ఎనిమిది లైన్లు ఖాళీ ఉంది. ఏం పెట్టమంటావు? పువ్వు బొమ్మ వెయ్యనా?"

అప్పుడే ఎందుకమ్మ మాట గుర్తొచ్చింది. పేర్లు లేని వార్త ఎవరు చదువుతారు? పిల్ల సరిగ్గానే చెప్పింది. సర్క్యులర్ ప్రకారం పిల్లల సలహాను ప్రోత్సహించాలి కూడా. కాబట్టి ప్రోత్సహించాను. అమ్మాయిల రిలే పరుగులో మూడేళ్లుగా పదో తరగతిదే గెలుపు. నలుగురి పేర్లూ తెలుసు. 'మొదటి అడుగు నుంచీ పదో తరగతి జట్టుదే పైచేయి' అని ఫోనులోనే చెప్పి రాయించాను. ఇంకా రెండు లైన్లు మిగిలాయి. ఎవరో ఒకరు చివర రావాలి కదా. చిన్నపిల్లలు, ఏమీ అనుకోరులే అని, 'ఎనిమిదో తరగతి జట్టు పట్టుదలతో పరిగెత్తినా చివరి స్థానంతో సరిపెట్టుకుంది' అని పూర్తిచేశాను. వాళ్ల పేర్లు కూడా పోటీల జాబితా చూసి మరీ వేయించాను.

ఎందుకమ్మ పేరు తీసేయించడం మరిచిపోయానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ అదీ మంగళవారం రాసిన వార్తే అవుతుంది. నేను మరిచిపోలేదు. కింద పిల్లల పేరు లేకపోతే పిల్లల పత్రిక ఎలా అవుతుందని ఉంచేశాను.

శుక్రవారం పోటీలు మొదలయ్యాక పత్రిక కట్టలు వచ్చాయి. వేదిక వెనక నేను వాటి తాళ్లు విప్పి క్లాసుల వారీగా పంచుతున్నాను. ముందువైపు ఏదో కేకలు, ఈలలు వినిపించాయి. ఉత్సాహంగా సాగుతున్నాయిలే, రాసినట్టే, అనుకున్నాను.

అక్కడ జరిగింది ఇది. పదో తరగతి జట్టులో రెండో అమ్మాయి బ్యాటన్ జారవిడిచింది. వెనక్కి వెళ్లి తీసుకునేలోపు ఎనిమిదో తరగతి పిల్లలు దాటేశారు. వాళ్లలో ఆఖరున పరిగెత్తింది పిచ్చుక అని పిలిచే బక్క పిల్ల. ఆ పిల్లే ముందు గీత దాటింది.

ముఖ్య అతిథి పెద్ద డాక్టరు, మంచి మనిషి. ఆలస్యంగా, ఆ పరుగు అయిపోయాక వచ్చారు. ఏం మాట్లాడాలో తెలియక నేనిచ్చిన పత్రిక తిరగేశారు. తర్వాత మైకు దగ్గరకు వెళ్లి, పదో తరగతి జట్టును అభినందించి, ఎనిమిదో తరగతి వైపు తిరిగి, "చివర వచ్చామని దిగులు పడకండి తల్లీ, ఓటమే గెలుపుకు మొదటి మెట్టు" అన్నారు. మెడలో పతకాలు వేసుకుని ఆ నలుగురూ ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు.

మైదానమంతా ఒక్కసారి ఘొల్లుమంది. నవ్వు ఆగాక అందరూ చేతిలో పేపర్లు తిరగేశారు. మూడో పేజీ కింద పేరు చూశారు. పిచ్చుక ఏడుస్తూ వెళ్లి ఎందుకమ్మ ముందు నిలబడింది.

"మేం నీకేం చేశాం అక్కా?"

ఎందుకమ్మ నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా తాళ్లు చుట్టుకుంటూ ఉండిపోయాను. యాభై మూడేళ్ల మనిషిని, పద్నాలుగేళ్ల పిల్ల వెనక దాక్కున్నాను.

సోమవారానికి తొమ్మిదో తరగతి బోర్డు మీద 'అబద్ధాల అక్క' అని ఎవరో రాశారు. ఆమె కనబడితే పిల్లలు మాటలు ఆపేస్తున్నారు. మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూముకు వచ్చి పత్రిక పని మానేస్తున్నానంది. ఎందుకని నేను అడగలేదు. హెడ్మిస్ట్రెస్ మాత్రం తేలిగ్గా తీసుకున్నారు.

"దీన్ని పెద్దది చెయ్యకండి మాస్టారూ. వచ్చే సంచికలో 'పొరపాటుకు చింతిస్తున్నాం' అని ఒక లైన్ వేసెయ్యండి. ఎవరిదని రాయక్కర్లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి ఆ లైను అందంగా రాసి మా ఆవిడకు వినిపించాను.

"చింతిస్తున్నాం అంటే ఎవరెవరండీ?" అంది. "మీరూ మా తమ్ముడూనా? ఆ పిల్ల కూడానా?"

 అంతే, ఆవిడ బట్టలు మడత పెట్టుకోవడంలో పడింది. ఇంకో మాట అని ఉంటే పోట్లాడి తప్పించుకునేవాణ్ణి.

మర్నాడు తొమ్మిదో తరగతికి వెళ్లి ఎందుకమ్మను వరండాలోకి పిలిచాను. "నోట్‌బుక్ తెచ్చుకోమ్మా. నేను చెప్తాను, రాసుకో" అన్నాను.

"మీరు చెప్పింది రాయను సార్. నేను అడుగుతాను" అంది. బెంచీ మీద కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు.

"వార్త ఎప్పుడు రాశారు?"

"మంగళవారం."

"నా పేరు తీసెయ్యమన్నాను. ఎందుకు తియ్యలేదు?"

ఏళ్ల తరబడి పిల్లల్ని ప్రశ్నలు అడిగి నిలబెట్టినవాణ్ణి. నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. "నీ పేరుంటే పిల్లలు నమ్ముతారని" అన్నాను.

ఆమె పెన్ను ఆగింది. మళ్లీ కదిలింది. "ఇంతకుముందూ ఇలాగే రాసేవారా?"

"పంతొమ్మిదేళ్లు."

"పంతొమ్మిదా సార్?"

"పంతొమ్మిదమ్మా."

అంకె వేసి, కింద గీత గీసింది.

ఆ కాగితం చదివి హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసేశారు. "ఇది వేస్తే పిల్లలు మిమ్మల్ని చూసి నవ్వుతారు మాస్టారూ."

"ఇప్పుడు ఆ పిల్లను చూసి నవ్వుతున్నారు మేడమ్" అన్నాను.  ధైర్యంతో కాదు, భయంతోనే. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, సంతకం పెట్టారు.

గురువారం ఒకే కాగితం మీద ఆ వార్త వచ్చింది. బావమరిది చదివి, "బావా, నా పేరు లేదేంటి?" అని నొచ్చుకున్నాడు. కింద ఎందుకమ్మ పేరుంది. ఈసారి ఆమె అడిగి పెట్టించుకుంది. పిల్లలు నిజంగానే నవ్వారు. బడి గంట కొట్టే అటెండరు కూడా నవ్వాడు. నిండా మునిగినవాడికి చలేమిటని వరండాలో నేనే నిలబడి పంచాను. అక్కడికే పిచ్చుక తన జట్టుతో వచ్చింది. "సారీ అక్కా" అని ఎందుకమ్మ చెయ్యి పట్టుకుంది. ఎందుకమ్మ కళ్లు తుడుచుకుని, పోటీ గురించి చెప్పమంటూ అక్కడికక్కడే నోట్‌బుక్ తెరిచింది. పిచ్చుక ఆమెకు చెప్పబోయి, నా వైపు తిరిగింది.

"సార్, పోనీ మేం పరిగెత్తడం మీరు చూశారా?"

"చూశానమ్మా, బ్రహ్మాండం" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పంతొమ్మిదేళ్ల అలవాటు అది.

"చూడలేదమ్మా. ఇన్నేళ్లలో ఒక్క పోటీ కూడా చూడలేదు. ఎప్పుడూ పేపర్లు పంచుతూ వెనకే ఉండిపోయాను."

ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. జాలి ఉంది. అదే ఎక్కువ తగిలింది. నలుగురూ గుసగుసలాడుకున్నారు.

"అయితే రండి సార్" అంది పిచ్చుక.

మధ్యాహ్నం ఎండలో వాళ్లు మైదానంలో నాలుగు చోట్ల నిలబడ్డారు. ఎందుకమ్మ తన నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి నాకిచ్చి, ఆఖరి గీత దగ్గర నిలబెట్టింది. పోటీకి వేరే జట్టు లేదు. ఎవరు గెలుస్తారో ఈసారి ముందే రాసినా తప్పయ్యేది కాదు. పిచ్చుక బ్యాటన్ అందుకుని, చెప్పులు లేని కాళ్లతో, పళ్లు బిగించి నా వైపే పరిగెత్తుకొస్తోంది. ఆ పిల్ల గీత దాటేదాకా నేను పెన్ను మూత తియ్యలేదు.