తోమాసు సీసా మర్యాద

తోమాసు ఉన్నన్నాళ్లూ గోదావరిఖనిలో ఏ హోటల్‌కు పోయినా సొంత సీసాతోనే పోయేవాడు. దాచుకుని మాత్రం కాదు. దాచుకునేవాళ్లంటే ఆయనకు గిట్టదు. మద్యం తాగరాదని గోడమీద ఎర్రక్షరాల్లో రాసి ఉంటే, సరిగ్గా ఆ రాత కిందే కూర్చుని, కూల్‌డ్రింక్ సీసాలో సగం పారబోసి ఇంకేదో కలుపుకుని, బిర్యానీ అయ్యేదాకా దొంగచూపులు చూసేవాళ్లమీద ఆయనకు కోపం కంటే జాలే ఎక్కువ. గంత భయపడుకుంట తాగితే ఒంటికి పడుతదా అని అడిగేవాడు.

ఆయన పద్ధతి వేరు. గడప దాటగానే సీసా తీసి కౌంటరు మీద పెట్టాలి. యజమాని ఊఁ అంటేనే అన్నం వచ్చాక అడిగి తెచ్చుకోవాలి. ఊహూఁ అంటే మాట్లాడకుండా తిని, మూత విప్పని సీసాతో ఇంటికి రావాలి. హోటల్లో అమ్మేదాన్ని బయటినుంచి తేకూడదు. పక్క బల్ల దగ్గర పిల్లలుంటే సీసా కుర్చీ కిందికి పోవాలి. మొదటి గుక్క యజమానికి ఇవ్వజూపాలి. వద్దంటాడని తెలుసు, అయినా అడగాలి. ఖాళీ సీసాను బల్లమీద వదిలి లేచేవాడు ఆయన లెక్కలో మనిషే కాదు. బసంత్‌నగర్ దారిలో దాబా నడిపే ఒకాయన, తోమాసు కూర్చుని లేచిన బల్లను తుడవాల్సిన పనే ఉండదనేవాడు.

ఈ పద్ధతంతా ఆయనకు బాయి దగ్గర అబ్బింది. బొగ్గుబాయిలోకి అగ్గిపెట్టె పోకూడదు, బీడీ పోకూడదు. లోపల గ్యాసుంటే ఒక్క పుల్ల చాలు. అందుకని షిఫ్టుకు దిగే ప్రతి మనిషి జేబులూ తడిమి పంపడమే తోమాసు ఉద్యోగం. చాలామంది ఆయన ముందుకు రాగానే పెదవి కదపకుండా బీడీకట్ట తీసి బల్లమీద పెట్టి, తల ఊపి, చేతులు పైకెత్తి నిలబడేవాళ్లు. డ్యూటీ దిగి పైకొచ్చాక ఎవరి కట్ట వాళ్లు తీసుకుని పోయేవాళ్లు. అడగడం లేదు, చెప్పడం లేదు. ఆ బల్లమీద పెట్టింది ఎవరికీ ఇచ్చినట్టు కాదు, ఉంచినట్టు. బాయిలో అందరికీ తెలిసిన సంగతే అది.

ఎల్లేశం అనేవాడు ఒకసారి లైటరును సద్దిగిన్నెలో అన్నం కింద దాచాడు. తోమాసు గిన్నె తెరిచి, అన్నమంతా తీరిగ్గా కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "కూర మంచిగున్నది ఎల్లేశం. లైటరే ఉడకలే" అన్నాడు. ఆ తర్వాత ఎల్లేశం పదవీ విరమణ చేసేదాకా కనిపించిన ప్రతివాడూ లైటరు ఉడికిందా అని పలకరించేవాడు.

ఇక ఆ సీసాలో ఉండేది అంగడిలో కొన్న మందు కాదు. తోమాసు భార్య సువార్త చేసిన ద్రాక్షసారా. ఏటా క్రిస్మస్‌కు ముందు నల్లద్రాక్ష తెచ్చి, కడిగి ఆరబెట్టి, చక్కెర, లవంగాలు, గుప్పెడు గోధుమలు వేసి, జాడీ మూతికి తెల్లగుడ్డ కట్టి క్వార్టర్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టేది. వాడలో సగం ఇళ్లకు తలా ఒక గ్లాసు పోయేది. మిగిలింది తోమాసు ఏడాది పొడుగునా పొదుపుగా వాడుకునేవాడు.

సువార్త జబ్బుపడ్డ ఏడాది కూడా జాడీ నిండింది. దవాఖాన చుట్టూ తిరుగుతున్న తోమాసు అది ఎప్పుడు నిండిందో గమనించనే లేదు. పండుగ వెళ్లాక ఆమె పోయింది. పోయేముందు, మిగిలిన ఒక్క సీసాను చూపించి, పిల్ల పెళ్లి ఖాయమైననాడు రెండు ఇండ్లోళ్లు కూసోని తాగాలె, అప్పటిదాకా ముట్టకు అని చెప్పింది. తోమాసు ముట్టలేదు. ఆ ఏడాదంతా ఆయన హోటళ్లకు ఒట్టి సంచితో పోయాడు.

కూతురు సారిక మంచిర్యాలలో టీచరు. ఆమెకు బెల్లంపల్లి అబ్బాయి రిచర్డ్‌తో పెళ్లి కుదిరింది. మాట ఖాయం చేసుకోవడానికి రిచర్డ్, వాళ్లమ్మ వస్తున్నారు. భోజనం ఎక్కడన్నది ఆలోచించాల్సిన పనిలేదు. బాయి గేటు ఎదురుగా మెస్ పెట్టి తోమాసుకు షిఫ్టు షిఫ్టుకూ అన్నం వడ్డించిన లస్మవ్వ ఉంది. ఆమె కొడుకు భూపాల్ అదే చోట కొత్త హోటల్ కట్టాడు, ఆరోజే తెరుస్తున్నాడు. రిచర్డ్ తల్లి ప్రార్థనల మనిషి కాబట్టి తోమాసు ముందే ఫోన్ చేసి సీసా సంగతి అడిగాడు. పోయినామె కోరిక, తలా ఒక గుక్క పుచ్చుకుందాం అందామె.

సీసాను న్యూస్‌పేపర్లో చుడితే వైన్స్ షాపు నుంచి తెచ్చినట్టుంటుందని, క్రిస్మస్‌కు మిగిలిన మెరుపుకాగితం చుట్టింది సారిక. అది చూడ ముచ్చటగానే ఉంది. తిప్పలంతా ఆ ముచ్చటతోనే వచ్చింది.

భూపాల్ అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా, మాంసం వండే వైపు తొంగిచూడకుండా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు. కన్నతల్లి కూడా అతన్ని స్వామి అనే పిలుస్తోంది. వచ్చినవాళ్లు తెచ్చిన గోడగడియారాలు, దేవుడి పటాలు ఒక పక్కన పేరుస్తున్నాడు. తోమాసు నలుగురి మధ్య నుంచి వెళ్లి, బాయి దగ్గర చేసినట్టే సీసాను కౌంటరు మీద పెట్టి, తల ఊపి, వెళ్లి కూర్చున్నాడు. భూపాల్ రెండు చేతులా దాన్ని కళ్లకద్దుకున్నాడు.

బిర్యానీ వచ్చింది. సీసా అడుగుదామని తోమాసు లేచి వెళ్లేసరికి, భూపాలే ముందు మాట అందుకున్నాడు. "అందరు గడియారాలు తెచ్చిండ్రు కాకా. నువ్వు తెచ్చింది గడియారం కాదని చూడంగనే తెలిసింది. సీద స్వామి ముందల పెట్టిన."

నిజంగానే కౌంటరు వెనక అరలో, అయ్యప్ప పటం ముందు, కొబ్బరికాయ పక్కన మెరుపుకాగితం మెరుస్తోంది. మంచిపని చేసినవ్ బిడ్డా అని తోమాసు తిరిగొచ్చి కూర్చున్నాడు. సీసా ఏదని సారిక కళ్లతోనే అడిగింది. వస్తదన్నాడు. బిర్యానీని ప్లేటులో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. కళ్లకద్దుకుని దేవుడి ముందు పెట్టినదాన్ని తిరిగి ఇమ్మని ఏ నోటితో అడగడం? అడగకపోతే సువార్తకు ఇచ్చిన మాట ఏమయ్యేట్టు? పోనీ రేపు మెల్లగా లస్మవ్వ చెవిన వేద్దామంటే, బెల్లంపల్లి వాళ్లు ఈరోజే వెళ్లిపోతారు. రిచర్డ్ తల్లి ఆయన ప్లేటు చూసి, షుగర్ ఉన్నదా అన్నా, అట్ల తింటున్నరు అని అడిగింది.

దీపాలు పెట్టే వేళ అయింది. భూపాల్ హారతి ఇచ్చి, శరణం చెప్పి, కాగితం విప్పాడు. ఎర్రటి రసం. గులాబీ షర్బత్ అనుకున్నాడు, ముఖం వెలిగిపోయింది. జగ్గు నిండా చల్లనీళ్లు తెమ్మన్నాడు. మొదటిరోజు కదా, హోటల్లో ఉన్న పిల్లలందరికీ తలా ఒక గ్లాసు ప్రసాదంగా ఇద్దామని సర్వర్లతో చెబుతున్నాడు.

తోమాసు ఎంగిలిచేత్తోనే లేచాడు. ఇప్పుడు సీసా దక్కుతుందా లేదా అన్నది కాదు, ఆ జగ్గు నిండకూడదు. కౌంటరు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. "స్వామీ, మూత తియ్యకు. అది షర్బత్ కాదు. మా సువార్త పులవెట్టిన ద్రాక్షరసం. మందు లెక్కనే."

భూపాల్ చెయ్యి సీసామీదే ఆగిపోయింది. "మాలల ఉన్నోని చేతికి ఇస్తవా కాకా?"

"ఇయ్యలే బిడ్డా. బాయి కాడ బీడికట్ట పెట్టినట్టు పెట్టిన. అన్నం వచ్చినంక అడుగుదామనుకున్న. నువ్వు దేవునికి పెట్టినంక నోరు రాలే. తప్పు నాదే."

భూపాల్‌కు కోపం రాలేదు గానీ ఏడుపొచ్చినంత పనైంది. సీసాను పట్టుకోవాలో దింపాలో తెలియక అట్లాగే నిలబడి తల్లిని కేకేశాడు. లస్మవ్వ వచ్చి, సంగతి విని, కొడుకు చేతిలోంచి సీసా లాక్కుంది. "ముట్టినవ్ గని మింగినవా? పో, నెత్తి మీద నీళ్లు పోసుకొని శరణం చెప్పుకో. తెల్వక పెట్టినవని ఆ దేవునికి తెల్వదా?" అని అతన్ని స్నానానికి తరిమింది. అర తుడిచి, కొత్త కొబ్బరికాయ పెట్టించింది. ఆ తర్వాత సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "సువార్తదేనా?" అంది.

తోమాసు తలూపాడు. బెల్లంపల్లి వాళ్లకోసం ఆమె దాచిపెట్టమందని చెప్పి, ఇక్కడ వద్దులే అక్కా, సంచిలో పెట్టుకుని పోతా అన్నాడు.

"ఎటు పోతవ్? వాళ్లు మళ్ల ఎప్పుడు వస్తరు?" అంది లస్మవ్వ. "ఇది నా కొడుకు హోటల్. ఇందుల తాగుడు లేదు. ఎనుక గడప దాటితే నా ఇల్లు. ఆడ నా మాటే నడుస్తది. ప్లేట్లు పట్టుకొని రాండ్రి."

అట్లా పెళ్లివారు ఎవరి బిర్యానీ ప్లేటు వాళ్లు పట్టుకుని, వంటింటి పక్క సందులోంచి వరసగా నడిచి, లస్మవ్వ పెరట్లో నవారు మంచాలమీద కూర్చున్నారు. వియ్యపురాలికి ఇంత అమర్యాద జరిగిందే అని తోమాసు నలిగిపోతుంటే, ఆమె మాత్రం లోపలి ఏసీకి మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇక్కడే హాయిగా ఉందని కాళ్లు పైన పెట్టుకుంది.

లస్మవ్వ చాయ్ గ్లాసులు తెచ్చింది. తోమాసు మొదటిది ఆమెకే పోశాడు. ఆమె వద్దనలేదు. ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది.

"సువార్త గింత తియ్యగ చెయ్యదే" అంది చివరికి. "లవంగం గూడ తక్కువ పడ్డది."

రిచర్డ్ తల్లి తనకు పోసింది రుచి చూసి, బాగానే ఉందని చెప్పి, చేసే తీరు రాసిపెట్టుకున్నారా, లేకపోతే ఆమెతోనే పోయిందా అని అడిగింది.

"నేనే చేసిన, ఆంటీ" అంది సారిక. "అమ్మకు చేతులల్ల బలం లేకుండె. మంచంల పండుకొని చెప్పింది, నేను పిసికిన. నాయినకు చెప్పొద్దన్నది. ఆరోగ్యం బాగలేక ఇవన్ని ఎందుకని లొల్లి చేస్తడని."

తోమాసు కూతురి చేతులవైపు చూశాడు. తన గ్లాసులో కొంచెం పోసుకుని తాగాడు. నిజమే, తీపి ఎక్కువే. లవంగం తక్కువే.

"చక్కెర దగ్గర నీకు ఎవలు చెప్పలేదా బిడ్డా?" అన్నాడు.

"చెప్పింది. నాకే చెయ్యి ఆగలే."

"ఈసారి నేను పక్కన కూసుంట" అన్నాడు తోమాసు. తర్వాత రిచర్డ్ గ్లాసు ఇంకా ఖాళీగా ఉండటం చూసి సీసా వంచాడు.