ఓబులేసు ఊడవని ఇల్లు

రిటైర్ కావడానికి ముందు చివరి మూడేళ్ళు సోమందేపల్లెకు లోపలగా, ఒక గుట్ట మీదున్న రేడియో కేంద్రంలో టెక్నికల్ ఆఫీసర్‌గా పనిచేశాను. అక్కడ విమానాలు దిగవు. మా యంత్రం రాత్రింబగళ్ళు సంకేతాలు పంపుతుంది. పైన పోయే పైలట్లు వాటిని పట్టి తాము ఏ దిక్కున ఉన్నారో తెలుసుకుంటారు. సంకేతం సరిగా పోతోందో లేదో చూడటమే నా ఉద్యోగం. మాట్లాడటానికి ఉన్నది వాచ్‌మన్ ఓబులేసు ఒక్కడే. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఒంటరితనం నాకు కొత్త కాదనుకున్నాను. ఆ గుట్ట మీద మాత్రం అది గట్టిగానే తగిలింది.

రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ పోయింది. ఓబులేసు భార్య లక్ష్మి ఇంటిపనికి కువైట్ బయలుదేరింది. బెంగళూరులో ఆమెను విమానం ఎక్కించి తిరిగొచ్చి, "చేరేదానికి ఎంతసేపు పడతాది సార్?" అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్నంటే నాకు మహా హుషారు. దూరం సుమారు మూడున్నర వేల కిలోమీటర్లనీ, పైన పడమటి గాలి ఎదురు కొడుతుంది కనుక పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుందనీ వివరించాను. మా లెక్కలో ప్రయాణమంటే విమానం ఇక్కడి గేటు వదిలినప్పటి నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా. ఐదు గంటలు వేసుకోమన్నాను.

మర్నాడు ఆఫీసు పక్కనే అతను ఉండే గది ముందు వేపాకులు అలాగే పడి ఉన్నాయి. ఆ తర్వాత రోజూ అంతే. గాలికి దుమ్ము గడప దాటి లోపలికి పోయింది. ఆఫీసు వాకిలి మాత్రం అద్దంలా ఊడుస్తున్నాడు. "ఏమప్పా, నీ ఇల్లు ఇట్లా ఏడ్చిందేం?" అని కసిరాను.

"లచ్చిమి చేరినట్టు ఫోన్ రాలేదు సార్. పోయినోళ్ళు చేరకుండా ఇల్లెట్ల ఊడ్సేది?"

మా ఇంట్లోనూ ఉన్న పట్టింపే. అమ్మ పోయాక మరిచిపోయాను. వెంటనే బెంగళూరు విమానాశ్రయంలో ఉన్న స్నేహితుణ్ణి అడిగి, ఆ విమానం వేళకే దిగిందని ఓబులేసుకు చెప్పాను.

"విమానం చేరింది సరే సార్. నా పెండ్లాం చేరిందా?"

 ఆమె కోసం ఎవరొచ్చారో, ఏ ఇంటికి తీసుకుపోయారో ఎవర్ని అడగాలో కూడా నాకు తెలియదు. ఆ విమానాల దారి మన గుట్ట మీదుగా కాదని చెప్పినా, మోత వినబడినప్పుడల్లా ఓబులేసు తల ఎత్తి చూసేవాడు. వారం గడిచింది. నాకూ అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం చీపురు చప్పుడు విని బయటికొచ్చాను. ఓబులేసు ఏడుస్తూ ఊడుస్తున్నాడు. "బాగుండాదంట సార్. సిమ్ము ఇప్పుడిచ్చినారంట," అన్నాడు. నేను నా గదిలోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టాను.

రిటైరైన రోజు సామాను జీపులో వేసుకుని అనంతపురంలో అద్దె ఇంటికి వచ్చాను. ఇంకా తాళం తీస్తుండగానే ఫోన్ మోగింది.

"చేరినారా సార్?"

చేరానన్నాను.

"అట్లయితే మీ గది ఊడుస్తా," అని పెట్టేశాడు ఓబులేసు.

ఇప్పటికీ ఎవరైనా ఫలానా ఊరికి విమానంలో ఎంతసేపని అడిగితే గంటలు చెబుతాను. చేరగానే ఇంటికి ఫోన్ చేయించమని కూడా చెబుతాను.