మందు కొట్టిన మొక్క

తడి న్యూస్‌పేపరు విప్పగానే నీటిమొక్కల పచ్చివాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, హైదరాబాదు ఛత్రినాకలో మా పక్కింటి మల్లేశం బాపు గుర్తొస్తారు. నాలుగు బర్రెలతో పాలవ్యాపారం చేసేవారు, బడి మొహం చూడలేదు. నేనేమో లైబ్రరీ పుస్తకాలు చదివి, ఎవరి సాయమూ లేకుండా గాజుతొట్టిలో గోరంత ఎర్రరొయ్యలను పెంచుతున్నానని మురిసిపోయేదాన్ని. అప్పుడే ఒక రొయ్య మొదటిసారి కడుపు కింద గుడ్లు మోస్తోంది! పిల్లలు దాక్కోవడానికి ఆకులు కావాలని చదివి, దుకాణానికి పరుగున వెళ్లి నీటిమొక్క తెచ్చాను. “మందు కొట్టిందే అమ్మా, ఒక్క పురుగు రాదు” అన్నాడు దుకాణదారు. మందు అనగానే నాకు రోగం కుదిర్చేదే తోచింది.

బాపు పాలు పోయడానికి వచ్చారు. “చూడు బాపు! మందు కొట్టిన మొక్క. ఒక్క పురుగు కూడా ఉండదట!” అంటూ దాన్ని తొట్టిలో పెట్టబోయాను.

“ఆగు బిడ్డా! పురుగు బతకదంటున్నవ్. మరి నీ రొయ్య ఏంది, బర్రెనా?”

నవ్వబోయి ఆగిపోయాను. రొయ్యలూ పురుగులూ కీళ్లకాళ్ల జీవులేనని నోట్‌బుక్కులో రాసుకున్నది నేనే, కింద రెండు గీతలు గీసి మరీ! పురుగును చంపేది రొయ్యను వదులుతుందా?

“నీకెట్లా తెలుసు బాపు?”

“ఏ చేనుదో అడగకుండ ఒకపారి దూడకు గడ్డేసిన. మందు కొట్టిన గడ్డి. పొద్దుగూకేసరికి దూడ లేదు.” నా చేతిలోని మొక్కను తొట్టికి దూరంగా జరిపారు. “కడిగి బకెట్ల ఎయ్యి. రోజు నీళ్లు మార్చు, మందు దిగిపోతది.”

మూడో రోజుకే నా ఓపిక అయిపోయింది. మొక్క లేకుండానే గుడ్లు పగిలితే పిల్లల్ని పెద్దరొయ్యల కాళ్ల కింద ఎక్కడ దాచను? “చాలదా బాపు?” అన్నాను.

“నీ బుక్కు ఏమంటుంది?”

“వారాలు ఆగమంటోంది.”

“మరి బుక్కు మాటన్న ఇను. గంత సదివి ఆగనీకె రాకపోతే ఏం ఫాయిదా?”

ఆగాను. గుడ్లలో నల్లచుక్కల్లా కళ్లు కనిపించే వేళకు మూడు వారాలు నిండాయి. అయినా ముందు గుడ్లు లేని ఒక్క రొయ్యను బకెట్లో వదిలాను. మర్నాడు పొద్దున నాకు చూడాలంటే భయం. బాపే క్యాను కింద పెట్టి వంగి చూశారు. “మేస్తున్నదే!” అని వాకిలంతా వినిపించేలా కేక వేశారు. నిజమే, ఆకు మీద కూర్చుని ముందుకాళ్లతో గబగబా నోట్లో పెట్టుకుంటోంది!

మొక్క తొట్టిలోకి చేరింది. వారం తిరగకుండానే ఆకుల సందుల్లో రవ్వగింజలంత పిల్లలు, కనిపించీ కనిపించకుండా!

బాపు ఇప్పుడు లేరు. నేను ఇంకా లైబ్రరీకి వెళ్తూనే ఉన్నాను. నోట్‌బుక్కులో నచ్చిన వాక్యం కింద గీత గీయడం మాత్రం మానేశాను. దాని పక్కన, అది మా ఇంట్లో ఏ ప్రాణికి తగులుతుందో రాసుకుంటాను.